నోఫా కడిగిన మొహం

కొందరికి పుట్టుమచ్చ వచ్చినట్టు నోఫాకి రోత పుట్టుకతో వచ్చింది. దిజ్లా నది ఒడ్డున వాళ్ళ పుట్టింట్లో అందరూ ఒకే పళ్ళెం చుట్టూ కూర్చుని తినేవాళ్ళు. ఈ పిల్ల మాత్రం తండ్రి వేళ్ళు ఎటు తిరుగుతున్నాయో కనిపెట్టి, అటు కాకుండా ఇటు నుంచి ముద్ద తీసుకునేది. ఒకళ్ళు తాగిన ముంత ఇంకొకళ్ళు కడక్కుండా నోట పెట్టుకుంటే చూసి పక్కకి తిరిగి కక్కుకునేది.

"నీకు మొగుణ్ణి ఎక్కణ్ణించి తేవాలే? చేపని తోమినట్టు నదిలో తోమి తేవాలా?" అని తల్లి తల కొట్టుకునేది.

చివరికి తెచ్చింది జుస్సు కాల్చే ఇంటి నుంచి.

తెల్లరాయిని బట్టీలో కాల్చి, దంచి, జల్లిస్తే వచ్చే పిండే జుస్సు. మోసుల్ పట్నంలో గోడ లేవాలన్నా గుమ్మటం నిలబడాలన్నా అదే కావాలి. నీళ్ళు పోసి కలిపామంటే పొయ్యిలో రొట్టె కాలేలోపు బిగుసుకుపోతుంది. పట్నం వాళ్ళు తెల్లటి గోడలు చూసి మురిసిపోతారు. కాల్చేవాళ్ళ కొంప ఎలా ఉంటుందో నోఫాని అడగాలి. రొట్టె మీద జుస్సు, పెరుగు మీద జుస్సు, రాత్రి మొగుడి మీసం లోంచి జుస్సు. బట్టీలోకి ముళ్ళకంప, పిడకలు, చచ్చిన గాడిద ఎముకలు ఏవి దొరికితే అవి వేసేవాళ్ళు. ఆ పొగకి దగ్గి దగ్గి అత్త ఫిద్దా కూర్చున్న చోటే తెల్లగా ఉమ్మేసి, దాని మీద పాదంతో మట్టి జరిపేది. మరిది హల్బూస్ ముక్కు చీది ఆ చేతిని ద్వారబంధానికి తుడిచేవాడు. ఎన్నేళ్ళుగా తుడుస్తున్నాడో, ఆ కర్ర నూనె రాసినట్టు నిగనిగలాడేది. ఇంట్లోకి వెళ్ళేటప్పుడు నోఫా బట్టలు ఒంటికి దగ్గరగా పట్టుకుని, ద్వారం మధ్యలోంచి ముల్లు మీద నడిచినట్టు వెళ్ళేది.

మొగుడు ముత్లగ్ మంచివాడే. మంచితనం తప్ప ఇంకేమీ లేనివాడు. తల్లి కూర్చోమంటే కూర్చుంటాడు, తమ్ముడు లెమ్మంటే లేస్తాడు.

ఊరు ఒక పెద్ద మట్టిదిబ్బ మీద ఉంది. మిగతా ఊళ్ళలో జుస్సు కాల్చేవాళ్ళు కొండల నుంచి గాడిదల మీద రాయి తెచ్చుకుంటారు. వీళ్ళకి ఆ బాధ లేదు. ఇంటి వెనక తవ్వితే చాలు, చెక్కి సిద్ధంగా పెట్టిన పలకలు. కాకపోతే వాటి మీద మనుషులు ఉండేవాళ్ళు. గడ్డాల వాళ్ళు, గుర్రాల వాళ్ళు, చేతులు కట్టుకుని నిలబడ్డ వాళ్ళు. పాతకాలపు కాఫిర్ రాజులు, దేవుడి కోపానికి రాయైపోయారు అనేవాళ్ళు ఊళ్ళో.

ఆ ఇంట్లో ఒక ఆచారం ఉంది. మొహమున్న రాయిని కళ్ళు పొడవకుండా బట్టీలో పెట్టకూడదు. పెడితే మంటలోంచి చూస్తుందట, చూసినవాళ్ళ వంశం మాడిపోతుందట. సరే, ఎవరు పొడవాలి? కొడుకులు కాదు, కూతుళ్ళు కాదు. కోడలు పొడవాలి. ఎందుకంటే కోడలు పరాయి రక్తం. ఏ కీడు తగిలినా అది ఆమె పుట్టింటికి పోతుంది గాని ఈ ఇంటికి అంటదు.

నోఫా కాపరానికి వచ్చిన మర్నాడే అత్త మొన తేలిన చిన్న ఇనప పొడుపు చేతికిచ్చి, "ఆ గడ్డం వాడి రెండు కళ్ళూ తీసెయ్, తరవాత పొయ్యి అంటించు," అంది, ఉల్లిపాయ తరగమన్నంత తేలిగ్గా.

ఆమె పొడిచింది. కొత్త కోడలు, ఏమంటుంది? ఆ తరవాత కొడుకు సాలిహ్ పుట్టాడు, వాడు పొట్టలో ఉన్నప్పుడూ పొడిచింది, బాలింతగానూ పొడిచింది. పొడిచిన ప్రతిసారీ మోచేతుల దాకా కడుక్కునేది. చేతులు కడిగితే పోయే మురికి కాదని ఆమెకి తెలుసు, అయినా కడుక్కునేది. పొడిచిన రాయి కాలి, దంచబడి, ఎగిరి, మధ్యాహ్నానికి తన రొట్టె మీదే వచ్చి పడేది. పళ్ళ కింద కరకరమంటే అది ఎవరి కన్నో, ఎవరి ముక్కో. ఆమె బక్కగా ఉండిపోవడానికి అదే కారణం. అత్త మాత్రం, "కోడలికి పొగరు, అందుకే ఒళ్ళు రాదు," అని ఊరంతా చెప్పుకునేది.

ఆ ఏడు వానలు వెనకపట్టాక హల్బూస్ రాళ్ళ గుంట పక్కన తవ్వుతూ ఉండగా మట్టి విరిగి పడింది. గుంటలోంచి అరిచాడు.

"వదినా, ఇటు రా. నీకు పెళ్ళికొడుకు దొరికాడు. గడ్డం చూడు, మా అన్నయ్యకి జన్మలో రాదు అలాంటిది."

నోఫా గుంట అంచున నిలబడి చూసింది. మొహం మనిషిది, ఆమె ఎత్తులో సగం ఉంటుంది. తల మీద కిరీటం, ఎద్దు చెవులు, చెవులకి పోగులు. ఇంకా తవ్వితే మెడ కింద ఎద్దు ఛాతీ, పక్కన రెక్క, రెక్క మీద ఈకకి ఈక విడివిడిగా. పాత కోట గుమ్మానికి కాపలా నిలబడ్డదట అది, కోట మట్టిలో కలిసినా ఇది నిలబడే ఉంది.

ఊరు ఊరంతా వచ్చి పడింది. ఒకాయన పెళ్ళానికి పిల్లలు లేరని ఆ ఎద్దు ఛాతీ గీకి, ఆ పొడి నోట్లో తడిపి, ఉమ్ముతో ఉండ చేసి తలపాగాలో చుట్టుకుపోయాడు. ఇంకొకడు కడుపులో బంగారం ఉంటుందని రెక్క కింద బొక్క పొడిచాడు. బంగారం లేదని తెలిశాక ఆ బొక్క మీద ఉమ్మేశాడు. హల్బూస్ కిరీటం మీద చతికిలబడి ఉల్లిపాయ, రొట్టె తిన్నాడు. తిని, వంగి, జిడ్డు చేతులు గడ్డం ఉంగరాల్లో పెట్టి బాగా రుద్దుకున్నాడు.

"గుడ్డ కంటే ఇదే నయం. ఎన్ని మడతలో చూడండి," అన్నాడు. అందరూ పడి పడి నవ్వారు. ముత్లగ్ కూడా నవ్వాడు.

నోఫా మొహం తిప్పుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం, అందరూ తిని పడుకున్నాక, ఆమె కుండెడు నీళ్ళు, పాత ఉన్ని గుడ్డ పట్టుకుని గుంటలోకి దిగింది. పెద్ద ఆలోచనేమీ లేదు. ఆ ఉల్లిపాయ జిడ్డు అక్కడ ఉందని తెలిసి ఆమె నిద్రపోలేదు, అంతే. ముందు గడ్డం కడిగింది. తరవాత ముక్కు రంధ్రాల్లో మట్టి వేలు పెట్టి తీసింది. చెవులు తుడిచింది. కనురెప్పల మడతలో పుల్లతో గీసి శుభ్రం చేసింది. ఇంకో కుండ తెచ్చి పైనుంచి పోసింది. వెనక్కి జరిగి చూసింది.

ఎండలో ఆ మొహం తడిగా మెరుస్తోంది. పెదవుల కొసన కొంచెం నవ్వు, ఎవరినీ వెక్కిరించని నవ్వు. ఆ ఊరికి వచ్చాక ఆమె చూసిన మొదటి శుభ్రమైన మొహం అదే. చీమిడి లేదు, జుస్సు లేదు, పళ్ళ మధ్య నిన్నటి తిండి లేదు. ఆమె చెయ్యి చాచి చెంప ముట్టుకుంది. ముట్టుకున్న చేతిని కడుక్కోవాలనిపించలేదు. తన జీవితంలో అలా అనిపించకపోవడం ఎప్పుడన్నా ఉందా అని ఆలోచిస్తే, పురిటి రోజు సాలిహ్‌ని చేతికిచ్చినప్పుడు తప్ప ఇంకొకటి గుర్తుకు రాలేదు.

సాయంత్రం అత్త పొడుపు తెచ్చి ఒళ్ళో పడేసింది.

"రేపు పొద్దున్నే కళ్ళు తీసెయ్. పట్నంలో షావుకారు కొత్త స్నానశాల కడుతున్నాడు, జుస్సు కోసం మనిషి మీద మనిషిని పంపుతున్నాడు. ఈ ఒక్క ఎద్దుతో వాడి గోడలన్నీ లేస్తాయి."

స్నానశాల అట. ఊళ్ళో మగాళ్ళంతా వచ్చి ఒంటి మురికి తోముకుని ఆ గోడలకి చిమ్ముతారు. నోఫా పొడుపు కింద పెట్టింది.

"నాకు కుదరదత్తా. ఒంట్లో శుభ్రంగా లేను."

ముట్టయినప్పుడు రాతి మొహం ముట్టకూడదని ఆ ఆచారంలోనే ఉంది. ఫిద్దా పొడుపు తీసి పక్కన పెట్టింది. కానీ రోజులు గడుస్తున్నకొద్దీ ముసలిదాని చూపు బట్టలు ఆరేసే తాడు మీద పడింది.

"ఏమే, ఇంత కాలం సాగే ముట్టు నేనెక్కడా వినలేదే. గుడ్డలేవీ తాడు మీద కనబడవేం?"

"నీ ఉమ్ము పడుతుందని దూరంగా ఆరేశాను."

"నా ఉమ్మా? పట్టుబట్టలు కట్టుకుని పుట్టావటే నువ్వు?"

"అమ్మా, ఇవాళ వద్దులే," అన్నాడు ముత్లగ్. అన్న వెంటనే, అనవసరంగా అన్నానేమోనని గోడకి జరిగి కూర్చున్నాడు.

"ఇంకెన్నాళ్ళన్నా? గాడిదలు తిని కూర్చుంటున్నాయి," అన్నాడు హల్బూస్. "వదిన పొడవకపోతే నేను పెళ్ళి చేసుకుని ఇంకో కోడల్ని తెస్తా. వారంలో అయిపోతుంది."

"నిన్ను చేసుకునే ఆడదానికి ముందు ముక్కు కోసెయ్యాలి. లేకపోతే ఒక్కరోజు కూడా ఉండలేదు," అంది నోఫా.

పక్క ఊళ్ళో దిబ్బ తవ్వుతూ సముద్రాల అవతల నుంచి వచ్చిన ఫ్రెంగీ దొర ఒకడు గుడారం వేసుకున్నాడని అందరికీ తెలుసు. రాతి మొహాలంటే పడి చస్తాడని కూడా విన్నారు. నోఫా పొద్దున్నే పెరుగు కుండ నెత్తిన పెట్టుకుని, అమ్ముకొస్తానని చెప్పి, అక్కడికి నడిచింది. కూలీల మీద పెత్తనం చేసే ఖోషాబా అనే మోసుల్ క్రైస్తవుడు గుడారం బయట కూర్చుని ఉన్నాడు. దొర మాట వీళ్ళకి, వీళ్ళ మాట దొరకి చెప్పేది కూడా అతనే.

"పెరుగు పులుపా, తీపా తల్లీ?"

"పులుపే. నీ దొరకి ఓ మాట చెప్పాలి. మా ఇంటి వెనక రెక్కల ఎద్దు ఉంది, మనిషి మొహంతో. ఇవాళో రేపో కాల్చేస్తారు."

ఖోషాబా లేచి నిలబడ్డాడు. "ఎవరు కాలుస్తారు?"

"మా వాళ్ళే. నేను చెప్పానని తెలిస్తే నన్ను కూడా అందులోనే పెడతారు. కాబట్టి నీకు కల వచ్చిందని చెప్పుకో."

ఆమె ఇల్లు చేరేసరికి వాకిట్లో అత్త కూర్చుని ఉంది. కుండలోకి తొంగి చూసింది. "పెరుగు అమ్మడానికి పోయి నిండు కుండ తెచ్చావే," అంది. పక్కకి ఉమ్మింది.

మర్నాడు దొర గుర్రం మీద వచ్చాడు, వెంట పట్నాన్ని ఏలే పాషా గారి సిపాయి. బట్టీ ఆపమన్నారు. హల్బూస్ తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాడు. రాయికి బదులు రొక్కం ఇస్తామనీ, తవ్వడానికి మనుషులు కావాలనీ ఖోషాబా చెప్పాక ఆ నోటితోనే దొర తాతముత్తాతలకి స్వర్గం కోరాడు. నోఫా తలుపు సందులోంచి చూస్తోంది. దొర ఆ మొహం ముందు టోపీ తీశాడు. దాని ముక్కు మీద మెల్లగా చెయ్యి పెట్టాడు. ఆమెకి గుండె నిండిపోయింది. ఈ మనిషి శుభ్రమైనవాడు అనుకుంది.

అంతలో దొర జేబులోంచి తెల్లటి గుడ్డ తీసి, అందులో ముక్కు చీది, ఆ గుడ్డని జాగ్రత్తగా మడిచి మళ్ళీ జేబులో పెట్టుకున్నాడు. చీమిడిని మూటగట్టి దాచుకునే మనుషులు ఉంటారని ఆమెకి అంతవరకు తెలియదు. హల్బూస్ ద్వారబంధమే నయమనిపించింది.

అసలు రోత ఆ తరవాత వచ్చింది. ఎద్దు చుట్టూ పూర్తిగా తవ్వాక దొర కొలిచాడు, లెక్క వేశాడు, తల అడ్డంగా ఊపాడు. పట్నం నుంచి పొడుగాటి రంపాలు వచ్చాయి. రంపం లాగేటప్పుడు రాయి మీద నీళ్ళు పోస్తూ ఉండాలి, ఆ పనికి ఆడవాళ్ళని పెట్టారు. ఆ ఇంటి రాయి కాబట్టి ఆ ఇంటి కోడలే పొయ్యాలని హల్బూస్ ఆమె పేరు ఇచ్చాడు.

"ఇదేమిటి?" అని ఖోషాబాని అడిగింది.

"ఏ బండీ దీన్ని మొయ్యలేదమ్మా. ముక్కలు చేసి నది దాకా లాక్కెళ్ళి, తెప్పల మీద వేస్తారు. వాళ్ళ దేశం చేరాక మళ్ళీ అతికిస్తారు."

"దేంతో అతికిస్తారు?"

"జుస్సుతోనే అనుకుంటా."

"దీన్ని కాపాడమని కదయ్యా నీ దగ్గరికి వచ్చింది."

"కాపాడుతున్నాంగా. బట్టీలో పడటం కంటే నయం కాదా?"

నయమే. అందుకే ఆమెకి ఇంకా రోత వేసింది. రంపం కిరీటం మీద పెట్టారు. ఒక కొస హల్బూస్, ఇంకో కొస ముత్లగ్. నుదుటి మధ్యలోంచి దిగింది. నోఫా నీళ్ళు పోస్తుంటే తెల్లటి బురద కనుబొమల మీదుగా, తను పుల్లతో గీసి కడిగిన రెప్పల మీదుగా కారి ఆమె పాదాల మీద పడింది. మెత్తగా, వెచ్చగా, రొట్టె పిండిలా. హల్బూస్ పెళ్ళి పాట పాడుతున్నాడు. ముక్కు దగ్గరికి వచ్చేసరికి రంపం పట్టేసింది. వాడు రాతి పెదవి మీద కాలు ఆనించి లాగాడు. సగం మొహం విడిపోయి కింద పరిచిన గడ్డి మీద బోర్లా పడింది.

నోఫా కుండ వదిలేసి గుంట గోడ పట్టుకుని కక్కుకుంది.

"సాలిహ్ వాళ్ళమ్మకి మళ్ళీ నెల తప్పినట్టుంది," అని ఎవరో అన్నారు. నవ్వులు.

ఖోషాబా మాత్రం నవ్వకుండా నీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ఓదార్పుగా చెప్పాననుకుని, "బాధపడకమ్మా, గుమ్మానికి ఎప్పుడూ రెండు ఉంటాయి, అటొకటి ఇటొకటి. రెండోది ఎదురుగా మీ పశువుల కొట్టం కింద ఉండాలి. ఇది పంపించాక దొర అది తవ్విస్తాడు," అన్నాడు.

ఆమె ముంతలో నీళ్ళు తాగలేదు. ఎవరు తాగిన ముంతో. నీళ్ళు దోసిట్లో పోసుకుని నోరు కడిగి ఉమ్మేసింది.

మధ్యాహ్నం రాళ్ళు వెతికే పొడుగు ఇనప చువ్వ తీసుకుని కొట్టంలోకి వెళ్ళింది. గేదెల కింద మట్టి మెత్తగా ఉంది. చువ్వ మోకాలి లోతు దిగి ఆగింది. రెండో చోట గుచ్చింది, అక్కడా ఆగింది. మోకాళ్ళ మీద కూర్చుని, చేతులతో గేదె మూత్రంలో నానిన మట్టిని తోడింది. వేళ్ళకి కిరీటం అంచు తగిలింది, దాని కింద ఒక చెవి, చెవికి పోగు. ఆమె మట్టి మళ్ళీ కప్పేసింది.

రెండు రోజులకి దొర, ఖోషాబా కొట్టం ముందుకి వచ్చారు. మగాళ్ళు నది దగ్గర ముక్కలు దించుతున్నారు. ఇంట్లో అత్తాకోడళ్ళే ఉన్నారు.

"దొరగారు ఇక్కడ తవ్వాలంటున్నారు. రెండోది ఉంటుందట," అన్నాడు ఖోషాబా.

"ఉండేది," అంది నోఫా. "మా మామగారి కాలంలోనే కాల్చేశారు. నువ్వు ఆనుకున్నావే, ఆ గోడ అదే."

ఖోషాబా ఉలిక్కిపడి గోడకి దూరంగా జరిగాడు. దొరకి చెప్పాడు. దొర మొహం ఎర్రబడింది. ఏదో గట్టిగా అన్నాడు.

"నమ్మకం లేదంటున్నారు. ముసలమ్మా, నువ్వు చెప్పు. మన మోసుల్ ప్రవక్త యూనుస్ నబీ మీద ఒట్టేసి చెప్పు. మీ ఆయన ఇక్కడ ఎద్దుని కాల్చాడా?"

మామగారు ఆ కొట్టంలో గడ్డపార వెయ్యలేదని ఫిద్దాకి తెలియకుండా ఎలా ఉంటుంది? ఇంకో ఎద్దు అంటే ఇంకోసారి రొక్కం. ముసలిది దొరని చూసింది, ఖోషాబాని చూసింది, కోడలి గోళ్ళని చూసింది. గోళ్ళ కింద నల్లగా కొట్టంలో మట్టి. గోళ్ళలో మురికి ఉండగా నోఫాని ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ చూడలేదు.

ఫిద్దా గొంతు సవరించి, బలమంతా కూడదీసి, దొర బూటు పక్కన ఉమ్మింది.

"కాల్చాడు. యూనుస్ నబీ సాక్షి. కళ్ళు పొడిచింది నేనే. కొత్త కోడల్ని అప్పుడు. చేతులు పుళ్ళు పడ్డాయి. ఇంకా ఏమన్నా కావాలా ఆయనకి?"

దొర ఆ ఉమ్ము చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. జేబులో గుడ్డ తీసి ముక్కుకి అడ్డం పెట్టుకున్నాడు. వాళ్ళు వెళ్ళిపోయారు.

గుర్రం కనుమరుగయ్యాక ఫిద్దా, "నబీ మీద అబద్ధపు ఒట్టు వేశాను. నరకానికి పోతే నీ వల్లే," అంది.

"నాకోసం ఎందుకు వేశావత్తా?"

"నీకోసమా? నీ మొహం." ముసలిది పాదంతో మట్టి జరిపింది. "నేనూ ఈ ఇంటికి కోడలిగానే వచ్చానే. ఆ ముండాకొడుకు ఊరకే పోడు, మళ్ళీ వస్తాడు. శుభ్రంగా ఉన్న చోటే తవ్వుతారు ఆ జాతి. పేడ తెచ్చి ఇక్కడ పొయ్. ఊరి పేడంతా తెచ్చి పొయ్."

నోఫా ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. ముక్కుకి గుడ్డ కట్టుకుని తట్టతో మోసింది. గుడ్డ కట్టుకుంటే ఊపిరి ఆడక తీసేసింది. పేడ కుళ్ళింది, పురుగులు పట్టింది, ఈగలు మబ్బులా లేచాయి. రోజూ మోచేతుల దాకా ముంచి, పిసికి, పిడకలు చరిచి ఆ గుట్ట మీదే ఆరేసేది. ఆరిన పిడకలు ఊళ్ళో వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు, కింద తడి పేడ అలాగే ఉండేది. మరుసటి ఏడు దొర వచ్చాడు, కొట్టం దాకా నడిచాడు, వాసనకి తిరిగిపోయాడు. తరవాత వేరే దొరలు వచ్చారు. వాళ్ళూ ముక్కు మూసుకుని పక్క దిబ్బల మీదికి పోయారు. ఇంటి వెనక గుంటలో రాయి అయిపోయి, హల్బూస్ కూడా కొండల నుంచే గాడిదల మీద తెచ్చుకోవలసి వచ్చింది. దారిలో సగం రోజు పోతోందని వాడు తిట్టని రోజు లేదు.

ఫిద్దా పోయింది. ముత్లగ్ పోయాడు, ఎవరు పిలిచారో గాని లేచి వెళ్ళినట్టు నెమ్మదిగా పోయాడు. సాలిహ్‌కి పట్నం దగ్గర పిల్లని తెచ్చారు. ఆ కోడలు వచ్చిన మర్నాడే కొట్టం ముందు నిలబడి కొంగుతో ముక్కు మూసుకుంది.

"ఈ గుట్ట ఊరి బయటికి మార్చుకుందాం అత్తా. ఇంటికి ఆనుకుని ఇదేం రోత? ఎలా భరిస్తున్నారు?"

నోఫా అప్పటికి ముసలిదైపోయింది. చేతుల చర్మం మడతల్లో పేడ రంగు శాశ్వతంగా నిలిచిపోయింది, కడిగినా పోదు.

"మార్చేది లేదు. నేనుండగా లేదు, నేను పోయాక నువ్వుండగా కూడా లేదు. అది మాత్రం నాకు మాట ఇవ్వు, ఇంకేం పని చెయ్యకపోయినా ఫరవాలేదు."

"మీకు రోత వెయ్యదా?"

"వేస్తుంది," అంది నోఫా. "ఇవాళ పొద్దున కూడా కక్కుకున్నాను."

వంగి ఇంకో ముద్ద తీసుకుని గుట్ట మీద చరిచింది.